నకలు – నకిలీ : జపాను బాస్ గిటారు చెప్పే పాఠం

‘అసలు’, ‘నకలు’, ‘నకిలీ’ – ఈ మూడు మాటలు లేకుండా తెలుగువాని వ్యవహారం ఒక్క దినమైనా సాగదు. మూడూ అరబ్బీ నుండి పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా మన కచేరీలలోనికి, అంగళ్ళలోనికి నడచివచ్చినవే. ‘అస్ల్’ అంటే వేరు, మూలం. ‘నఖ్ల్’ అంటే ఒక చోటి నుండి మరొక చోటికి చేర్చడం, ఒకరి నుండి మరొకరికి అందించడం. పూర్వపు ఉలేమాలు విద్యలను విభజించి, బుద్ధిబలంతో సాధించేవి ‘అఖ్లీ’ విద్యలనీ, పెద్దల నుండి పరంపరగా అందుకొనేవి ‘నఖ్లీ’ విద్యలనీ అన్నారు. తెలుగువాడు ఈ మాటను అందుకొని రెండు దారుల నడిపించాడు. కచేరీలో ముద్ర వేసి ఇచ్చే దస్తావేజు ప్రతి ‘నకలు’. దానికి న్యాయస్థానంలో సైతం విలువ ఉంది. బజారులో పేరు మార్చి అంటగట్టే సరుకు ‘నకిలీ’. దానికి శిక్ష ఉంది. వేరు ఒక్కటే, కొమ్మలు రెండు.

నకలు ఎక్కడ ముగిసి నకిలీ ఎక్కడ ఆరంభమౌతుంది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పగల వస్తువు ఒకటి మనకు చాలా దూరాన ఉన్నది. అది 1960–1990 సంవత్సరాల మధ్య జపాను దేశంలో తయారైన బాస్ గిటారు. పెడన వంటి అద్దకపు ఊరిలో చదువుకొనే విద్యార్థులకు గిటారుతో ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చు. మన అద్దకపు గుడ్డకూ, ఆ వాద్యానికీ గల సంబంధం వ్యాసాంతంలో విశదమౌతుంది. ముందుగా ఆ వాద్యమేమిటో తెలుసుకొందాము.

బాస్ గిటారు – దాని పుట్టుక

సాధారణమైన గిటారుకు ఆరు తీగలు. బాస్ గిటారుకు నాలుగు. అవి లావైనవి, పొడవైనవి. గిటారులోని కింది స్థాయి నాలుగు తీగల స్వరాలనే ఇవి మరొక స్థాయి కిందికి దిగి మంద్రంగా పలుకుతాయి. ఖవాలీలో తబలా జోడు ఎడమచేతి డగ్గా, మన కచేరీలో మృదంగపు తొప్పి చేసే పనిని పాశ్చాత్య వాద్యగోష్ఠిలో ఇది స్వరంతో కలిపి చేస్తుంది. తాళానికీ, రాగానికీ నడుమ నిలిచి రెంటినీ ముడివేస్తుంది. వినేవారు దానిని ప్రత్యేకంగా గమనించరు; అది ఆగిపోయినప్పుడు మాత్రం పాట కాళ్ళకింద నేల జారినట్లు తోస్తుంది. ఇళయరాజా స్వరపరచిన ‘అభినందన’ (1988), ‘గీతాంజలి’ (1989) చిత్రాల పాటలను మరొకసారి వినండి. గాత్రాన్ని కొంతసేపు పక్కన పెట్టి, అడుగున నడిచే మంద్రస్వరాలను చెవితో పట్టుకొండి. ఆ నడకే బాస్.

ఈ వాద్యానికి పూర్వం మంద్రస్వరాల కోసం మనిషి నిలువును మించిన డబుల్ బాస్ అనే పెద్ద వయొలిన్ వాడేవారు. దానిని మోయడం కష్టం. ఇత్తడి బూరలు, డోళ్ళ హోరులో దాని నాదం వినబడడం మరీ కష్టం. 1930లలో అమెరికాలోని సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన విద్యుత్తుతో పలికే, గిటారువలె అడ్డంగా పట్టుకొనే బాస్‌ను తయారుచేశాడు గాని అది ప్రచారంలోనికి రాలేదు. 1951లో కాలిఫోర్నియా రాష్ట్రపు ఫుల్లర్టన్ పట్టణంలో లియో ఫెండర్ ‘ప్రెసిషన్ బాస్’ను వెలువరించాడు. ఫెండర్ మొదట రేడియోలు మరమ్మతు చేసేవాడు. గిటారు వాయించడం ఆయనకు రాదు. వాయించడం రానివాడు కనుకనే కాబోలు, వాద్యాన్ని యంత్రం విప్పినట్లు విప్పి చూడగలిగాడు. గట్టి చెక్క దిమ్మెను దేహంగా కోసి, మన వీణకు దండి వంటి మెడను దానికి నాలుగు మరలతో బిగించి, మెడమీద లోహపు మెట్లు పొదిగాడు. మెట్లున్నందువలన స్వరం తప్పకుండా పలుకుతుంది. ‘ప్రెసిషన్’ అన్న పేరుకు అర్థమదే. మోగే తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాలు. 1960లో ఆయనే ‘జాజ్ బాస్’ అనే రెండవ రకాన్ని తెచ్చాడు. నేటికీ ప్రపంచంలోని బాస్ గిటార్లలో అధికభాగం ఈ రెండింటి సంతానమే.

పనస దుంగను తొలిచి వీణ చేసే నూజివీడు, బొబ్బిలి పనివారిని ఎరిగినవారికి ఈ నిర్మాణం మరీ సులభంగా తోస్తుంది. ఆ సులభత్వమే అనుకరణకు ద్వారం తెరచింది. నాలుగు మరలు విప్పితే వాద్యపు రహస్యమంతా బల్లమీద పరచుకొంటుంది.

జపాను శిష్యరికం

పాశ్చాత్య వాద్యాలను చూచి తయారుచేయడం జపానులో గిటారుతో మొదలు కాలేదు. 1887లో హమమత్సు పట్టణంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో విదేశం నుండి వచ్చిన హార్మోనియం వంటి ఆర్గన్ చెడిపోయింది. దానిని బాగుచేయడానికి వచ్చిన తొరకుసు యమహా లోపలి భాగాల పటం గీసికొని, తానే ఒకటి తయారుచేశాడు. ఆనాడు ఆ దారిలో రైలు లేదు. ఆయనా, ఆయన సహచరుడూ ఆ ఆర్గన్‌ను కావడికర్రకు కట్టి భుజాన మోసికొని, హకోనె కొండలు దాటి టోక్యోలోని సంగీత పాఠశాలకు చేర్చారు. అక్కడి పండితులు రూపం బాగున్నది గాని శ్రుతి సరిగా లేదన్నారు. యమహా తిరిగి వెళ్ళిపోలేదు. అక్కడనే కొన్ని వారాలపాటు సంగీత సిద్ధాంతాన్ని, శ్రుతి కూర్పును నేర్చుకొని, మరొక ఆర్గన్ చేశాడు. అది ఆమోదం పొందింది. నేడు మన వీధుల్లో మోటారు సైకిళ్ళ మీద కనబడే యమహా పేరు ఆయనదే.

ఈ వృత్తాంతంలో ఒక మర్మమున్నది. కంటితో చేసిన నకలుకు రూపం మాత్రమే వస్తుంది. చెవిని కూడా శిక్షించుకొన్నప్పుడే ప్రాణం వస్తుంది. తరువాతి నూరేళ్ళ జపాను వాద్య చరిత్రకు ఇదే సూత్రం.

నగోయా నగరంలో 1908లో ఒక పుస్తకాల అంగడిలో సంగీత పరికరాల విభాగంగా ఆరంభమైన హోషినో సంస్థ 1929 నుండి స్పెయిన్ దేశపు సాల్వదోర్ ఇబాన్యెజ్ గిటార్లను దిగుమతి చేసికొనేది. అనంతర కాలంలో స్వదేశంలో చేయించిన గిటార్లకు ఆ పేరే నిలిచి, ‘ఇబానెజ్’ అనే జపాను వ్యాపారనామం ఏర్పడింది. కొండల నడుమ కొయ్యపనికి ప్రసిద్ధమైన మత్సుమోతో పట్టణంలో 1960లో ఫుజిగెన్ కర్మాగారం వెలసింది. అదే పట్టణంలోని మత్సుమోకు సంస్థ తొలుత సింగర్ కుట్టుమిషన్లకు చెక్కపెట్టెలు చేసేది. కుట్టుమిషను బల్లను నునుపుచేసిన చేతులే గిటారు దేహాలను నునుపుచేశాయి. హమమత్సులో 1947లో స్థాపితమైన టోకాయ్ సంస్థ కూడా ఈ కోవలోనిదే.

1960లలో అమెరికా నుండి వెంచర్స్ బృందం జపానులో పర్యటించింది. 1966లో బీటిల్స్ బృందం టోక్యోలోని బుదోకాన్ మందిరంలో పాడింది. దేశమంతటా యువకులు గిటార్ల కోసం ఎగబడ్డారు. అమెరికా వాద్యాల ధర సామాన్యునికి అందేది కాదు. కనుక జపాను కర్మాగారాలు నకళ్ళకు పూనుకొన్నాయి.

ఆనందవర్ధనుడు చెప్పిన మూడు సామ్యాలు

ఒకరి రచన మరొకరి రచనను పోలి ఉండడం గురించి మన అలంకారికులు చాలా సూక్ష్మంగా ఆలోచించారు. తొమ్మిదవ శతాబ్దపు కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ చివరి ఉద్యోతంలో పోలికను మూడు విధాలుగా విభజించాడు. మొదటిది ప్రతిబింబం వంటిది; దానికి తనదంటూ ప్రాణం లేదు. రెండవది చిత్తరువు వంటిది. దానికి ఉన్న ప్రాణం అల్పమైనది. మూడవది ఇద్దరు మనుషుల నడుమ ఉండే పోలిక. అవయవాలు ఒకటే అయినా ఎవరి ప్రాణం వారిది. మొదటి రెండింటినీ కవి విడువవలెననీ, మూడవదానిని విడువనక్కరలేదనీ ఆయన తీర్పు. జపాను బాస్ గిటారు ఈ మూడు మెట్లనూ వరుసగా ఎక్కింది.

1960ల చివర, 1970ల మొదట వచ్చినవి ప్రతిబింబాలు. బయటి ఆకారం, రంగు, తల వంపు అమెరికా వాద్యాలవే. లోపల మాత్రం చాలావాటిలో పొరలు అతికించిన ప్లైవుడ్. అసలు గిబ్సన్ వాద్యంలో మెడను దేహానికి జిగురుతో అతికిస్తే, నకలులో మరలతో బిగించి సరిపుచ్చేవారు. పాల్ మెకార్ట్‌నీ వాయించిన జర్మనీ దేశపు హాఫ్నర్ వయొలిన్ ఆకారపు బాస్‌కు కూడా ఇటువంటి ప్రతిబింబాలెన్నో వచ్చాయి. అద్దంలో కుడిచేయి ఎడమచేయిగా కనబడినట్లే, వీటిలో చూడడానికి అన్నీ ఉండి, మ్రోగించేసరికి ఏదో తారుమారైనట్లుండేది. అయినా పేద విద్యార్థి చేతికి తొలి వాద్యాన్ని అందించిన పుణ్యం వాటిదే.

1970ల మధ్య నుండి రెండవ దశ. ఫుజిగెన్, మత్సుమోకు, టోకాయ్ పనివారు అమెరికా వాద్యాలను విప్పి, కొలిచి, చెక్కజాతిని, తీగచుట్టలోని తీగను, మెట్ల ఎత్తును పరిశీలించి చిత్తరువు గీసినట్లు మలచసాగారు. సరిగ్గా అప్పుడే అసలు వైపున పరిస్థితి మారుతూ వచ్చింది. 1965లో ఫెండర్ సంస్థ సీబీఎస్ అనే పెద్ద ప్రసార సంస్థ చేతికి వెళ్ళింది. ఉత్పత్తి పెరిగిన కొద్దీ పనితనం తగ్గిందని 1970లలో వాద్యకారులు చెప్పుకోసాగారు. చిత్తరువు నిలబడింది, మూలం వెలిసిపోసాగింది. గ్రెకో, ఇబానెజ్, టోకాయ్, ఫెర్నాండెస్ పేర్లతో వచ్చిన ఆనాటి వాద్యాలను నేటికీ రసికులు వెదకి కొనడానికి కారణమిదే.

1977 జూన్‌లో గిబ్సన్ యాజమాన్య సంస్థ నార్లిన్, ఇబానెజ్‌ను అమెరికాలో పంపిణీ చేసే ఎల్గర్ సంస్థపై ఫిలడెల్ఫియా న్యాయస్థానంలో దావా వేసింది. తెరచిన పుస్తకంవలె ఉండే గిబ్సన్ గిటారు తల ఆకారాన్ని అనుకరించారన్నదే అభియోగం. 1978లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఇంతకూ దావా వేసేనాటికే ఇబానెజ్ తన గిటార్ల తలకు వేరొక ఆకారాన్ని దిద్దుకొన్నది. దావా తీర్పుకన్నా ముందే పనివాని మనస్సు తీర్పు చెప్పుకొన్నదన్నమాట.

ఇక మూడవ దశ. 1977లో యమహా ‘బీబీ’ తరగతి బాస్‌లను విడుదల చేసింది. ఇంచుమించు అదే కాలంలో ఇబానెజ్ ‘మ్యుజీషియన్’ బాస్, మత్సుమోకులో తయారైన ఆరియా ‘ఎస్‌బీ–1000’ వచ్చాయి. వీటిలో పలు రకాల చెక్కపట్టెలను కలిపి అతికించిన మెడకర్ర దేహం గుండా ఈ కొస నుండి ఆ కొసదాకా సాగే నిర్మాణం ప్రసిద్ధికెక్కింది. ఒకే దుంగలో తొలిచిన మన ఏకాండి వీణను అది స్మరింపజేస్తుంది. ఇంగ్లండు దేశపు డ్యురాన్ డ్యురాన్ బృందంలోని జాన్ టేలర్ ఆరియా బాస్‌తోనే కీర్తి గడించాడు. ఇవి ఎవరి ప్రతిబింబాలూ కావు. నాలుగు తీగలు, అడ్డపు మెట్లు, ముప్పై నాలుగు అంగుళాల కొలత తాతగారివే; ప్రాణం మాత్రం స్వంతం.

ఈ కథలో ఇంకొక మలుపు ఉన్నది. తన వాద్యాలకు వస్తున్న నకళ్ళను ఎదుర్కొనడానికి ఫెండర్ సంస్థ 1982లో కందా షోకాయ్, యమానో అనే జపాను వర్తక సంస్థలతో కలిసి ‘ఫెండర్ జపాన్’ను స్థాపించింది. తయారీని ఫుజిగెన్‌కే అప్పగించింది. ‘జేవీ’ అక్షరాలతో ఆరంభమయ్యే సంఖ్యగల 1982–84 నాటి ఆ వాద్యాలు నేడు సంగ్రహకుల కంటికి మాణిక్యాలు. 1985లో సీబీఎస్ నుండి ఫెండర్ సంస్థను దాని ఉద్యోగులే కొన్నప్పుడు ఫుల్లర్టన్ కర్మాగారం ఆ బేరంలో లేదు. కొంతకాలంపాటు ఫెండర్ పేరుతో అమ్ముడైన వాద్యాలలో అధికభాగం జపాను నుండే వచ్చాయి. నిన్నటి నకలుకు నేడు మూలమే ముద్ర వేసింది.

ఉర్దూ, ఫారసీ లిపి నేర్చుకొనే కాతిబుల సంప్రదాయం ఇక్కడ గుర్తుకు రాక మానదు. శిష్యుడు ఉస్తాదు వ్రాసి ఇచ్చిన పంక్తిని ‘మష్ఖ్’ పేరుతో ఏళ్ళ తరబడి నకలు వ్రాస్తాడు. ఉస్తాదు ‘ఇజాజత్’ ఇచ్చిన పిమ్మటనే తన వ్రాతకింద తన పేరు పెట్టుకొంటాడు. ఆనందవర్ధనుడు చిత్తరువును కవికి తగదన్నాడు, అది న్యాయమే. కాని చేతిపని నేర్చుకొనేవాడు చిత్తరువు మెట్టు ఎక్కకుండా తన ప్రాణం తాను పోయలేడు. ఆ మెట్టుమీదే కూర్చుండిపోవడం దోషం గాని, ఎక్కడం దోషం కాదు.

1985 సెప్టెంబరు నాటి ప్లాజా ఒడంబడికతో యెన్ విలువ మూడేళ్ళలో దాదాపు రెట్టింపైంది. జపాను వాద్యాలు విదేశాలలో ప్రియమైపోయాయి. 1987లో మత్సుమోకు మూతపడింది. చౌక వాద్యాల తయారీ కొరియాకు, పిమ్మట ఇండొనేషియా, చైనాలకు తరలింది. ఆ కాలపు జపాను పనితనం అక్కడితో పరిమితమై, దానికి పాతకాలపు వస్తువుకుండే గౌరవం ఏర్పడింది.

కొనేవారు చూడవలసినవి

ఇటువంటి పాత వాద్యం బంధువుల చేతులమీదుగానో, పెద్ద నగరాల పాత సామాను అంగళ్ళలోనో మన విద్యార్థులకు ఎదురుపడవచ్చు. అప్పుడు కన్ను, చేయి, చెవి మూడింటినీ వినియోగించవలె.

మొదట మెడను చూడండి. వాద్యాన్ని తుపాకి గురిచూచినట్లు తల వైపు నుండి కంటికి ఎదురుగా పట్టుకొంటే వంకర, మెలిక తెలిసిపోతాయి. పిదప ఒక తీగను మొదటి మెట్టువద్దా, మెడ దేహాన్ని కలిసే చోటా ఒకేసారి అదిమిపట్టండి. నడుమ భాగంలో తీగకూ మెట్టుకూ మధ్య మందపాటి కాగితం పట్టేపాటి సందు ఉంటే చాలు. సందు ఎక్కువైతే మెడ లోపల ఉండే ‘ట్రస్ రాడ్’ అనే ఉక్కుకడ్డీని కొద్దికొద్దిగా తిప్పి సరిచేయవచ్చు. ఆ కడ్డీ మర తుప్పుపట్టి కదలకపోతే ఆ బేరం మానుకొనడం మేలు. మెడ మెలిక తిరిగిన వాద్యం ఎంత చౌకైనా ప్రియమే.

రెండవది మెట్లు. తీగ రాపిడికి గాట్లు పడ్డాయేమో తడిమి చూడండి. నాలుగు తీగలమీద ప్రతి మెట్టునూ ఒక్కొక్కటిగా మ్రోగించి, ఎక్కడైనా స్వరం చచ్చిపోతున్నదా, జీరబోతున్నదా వినండి. మూడవది దేహం. మరల రంధ్రాలలోను, పికప్ అమరిన గూటి అంచులోను చెక్క పొరలు పొరలుగా కనబడితే అది ప్లైవుడ్. తొలిదశ ప్రతిబింబమై ఉండవచ్చు. దానికి ఆ ధరే ఇవ్వండి. నాలుగవది విద్యుద్భాగం. మీటలు తిప్పినప్పుడు వచ్చే గరగర శబ్దం తరచు దుమ్మువలన కలిగేది; శుభ్రపరిస్తే పోతుంది. పికప్ బొత్తిగా పలుకకపోవడం వేరు; దానికి ఖర్చు ఉంది.

ఐదవది వయస్సు. 1975 తరువాతి ఇబానెజ్ వాద్యాలపై ఒక అక్షరమూ, దాని వెంట అంకెలూ ఉంటాయి. అక్షరం నెలను, మొదటి రెండు అంకెలు సంవత్సరాన్ని సూచిస్తాయి. ‘ఏ’ జనవరి, ‘బీ’ ఫిబ్రవరి; ఆ వరుసన ‘ఈ’ అక్షరమూ, 76 అంకెలూ కలిసి ఉంటే అది 1976 మే నెలలో తయారైనది. అంతకు ముందటి నకళ్ళలో అనేకం సంఖ్యలేనివే; సంఖ్య లేనంత మాత్రాన దానిని శంకించనక్కరలేదు. మరి సంఖ్య ఉన్నంత మాత్రాన నమ్మనూ కూడదు. మెడను, దేహాన్ని నాలుగు మరలు విడదీయగలవు గనుక, ఒకదాని మెడ వేరొకదాని దేహానికి చేరి ఉండవచ్చు.

ఆరవది అమ్మేవాని మాట. ‘దావా కాలపు వాద్యం’ అని చెప్పి ప్రతి పాత జపాను వాద్యానికీ ధర పెంచడం ఆనవాయితీ అయింది. ఆ దావా గిబ్సన్ తల ఆకారానికి సంబంధించినది మాత్రమేనని ఇంతకు ముందు చూచాము. ఫెండర్ పోలికగల బాస్‌కు ఆ విశేషణం అతకదు. చరిత్ర తెలిసినవాడు జేబు కాపాడుకొంటాడు.

చివరిది, మిక్కిలి ముఖ్యమైనది, తలమీది పేరు. గ్రెకో అనో, టోకాయ్ అనో తన పేరు తాను చెప్పుకొనే వాద్యం నకలు. అదే వాద్యపు తలను గీకి, ఆ పేరు తుడిచి, ఫెండర్ పేరుగల బిళ్ళ అతికించినవాడు దానిని నకిలీగా మార్చాడు. చెక్క మారలేదు, తీగ మారలేదు, నాదం ఇసుమంత మారలేదు. మారినది వేలెడంత బిళ్ళ ఒక్కటే. వస్తువును చేసిన చేతిని దాచడంతో నకిలీ ఆరంభమౌతున్నది.

కొన్న తరువాత దానిని కాపాడుకొనడం కూడా ఒక విద్యే. మన కృష్ణా డెల్టా గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువ. వాద్యాన్ని చెమ్మగోడకు ఆనించక, ఎండలో ఉంచక, వాయించిన పిదప తీగలను పొడిగుడ్డతో తుడిచి పెట్టెలో ఉంచవలె.

మన పెడన అద్దకం

ఇప్పుడు స్వగ్రామానికి వద్దాము. పెడనకు దగ్గరలోని మచిలీపట్నం ఒకనాటి గోల్కొండ రాజ్యపు మహానౌకాశ్రయం. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడికి చేరారు. వారిని ఆకర్షించిన సరుకులలో ఈ ప్రాంతపు రంగుగుడ్డ ప్రధానమైనది. మన తీరపు గుడ్డలు ఐరోపాలో ఎంతగా చెల్లుబాటయ్యాయంటే, అక్కడి నేతగాళ్ళు మొరపెట్టుకొనగా 1686లో ఫ్రాన్సు అద్దకపు నూలుగుడ్డలను నిషేధించింది. 1721లో ఇంగ్లండు సైతం వాటిని ధరించడం నిషేధించే శాసనం చేసింది. 1759లో ఫ్రాన్సు నిషేధం తొలగించిన మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ అనే ఆయన జూయీ గ్రామంలో అద్దకపు కర్మాగారం స్థాపించి, మన విద్యను అక్కడ పాతుకొల్పాడు.

జపాను మాటేమిటి? డచ్చి ఓడలలో భారతదేశపు అద్దకాలు ఆ దేశానికి చేరేవి. వాటిని వారు ‘సరస’ అన్నారు. తేనీటి వేడుకల పరికరాలకు సంచులుగా, తొడుగులుగా కుట్టుకొని, చిన్న ముక్కను సైతం పదిలపరచుకొన్నారు. కాలక్రమాన స్వదేశంలో వాటికి నకళ్ళు చేసి ‘వా–సరస’ అని పేరు పెట్టుకొన్నారు. ‘వా’ అంటే జపానుది అని అర్థం. ఇది మా సరస అని పేరులోనే చెప్పుకొన్నారు. గిటారు విషయంలో మనం చూచిన శిష్యధర్మం అంతకు ఎంతో ముందే, మన గుడ్డ దగ్గరనే కనబడుతున్నది.

అంతేకాదు, ‘కలంకారీ’ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో నేటికీ కలమే పనిముట్టు. పెడనలో కలం చేసే పనిని టేకుచెక్క అచ్చులు చేస్తాయి. కలపు గీతను చెక్కమీదికి ‘నఖ్ల్’ చేసి, అచ్చుకు తగిన ప్రాణం పోసినవారు మన పనివారు. మనదీ ఒకనాడు నకలే. అది తుల్యదేహి అయి నిలిచింది.

ఆ పని ఎటువంటిదో ఊరివారికి తెలిసినదే అయినా ఒక్కసారి చెప్పుకొందాము. గుడ్డ గంజి పోయేలా ఉతికి, కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టాలి. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో పులియబెట్టి నలుపు సిద్ధం చేయాలి. పటికతో ఎరుపు పట్టే చోట్లు అద్దాలి. కాలువలో పారేనీట జాడించి, పెద్ద కాగులలో రంగు వేళ్ళతో, ఆకులతో ఉడికించాలి. ఒక్కొక్క రంగుకు మళ్ళీ ఉతుకు, మళ్ళీ ఆరబెట్టు. అచ్చు వెంట అచ్చు పడేచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది; రంగు గుడ్డ వెనుకకు దిగుతుంది; ఒక చీర మరొక చీరకు అచ్చంగా సరిపోలదు. స్క్రీను ముద్రలో రసాయనపు రంగు పైపైన నిలుస్తుంది, వెనుక వెలవెలబోతుంది, ఎంత దూరం చూచినా ఒకే పోత.

స్క్రీను ముద్రను నేను నిందించడం లేదు. అదీ ఒక వృత్తి. దానిమీద ఆధారపడ్డ కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. స్వల్ప వెలకు నచ్చిన పూవును ధరించే హక్కు పేదింటి ఆడపడుచుకు ఉన్నది. కాని ఆ గుడ్డ తన పేరుతో అమ్ముడుపోవాలి. రోజుల తరబడి చేసిన అద్దకం పేరును గంటలలో ముగిసిన ముద్రకు తగిలిస్తే, అది గ్రెకో తలపై ఫెండర్ బిళ్ళ అతికించిన పనే. అప్పుడు కొనేవాడు చౌకదానినే కలంకారీ అనుకొంటాడు. అచ్చుపని చేసేవాడు అడిగే న్యాయమైన ధర అతనికి అన్యాయంగా తోస్తుంది. అచ్చు బల్ల దగ్గరి తండ్రి తన కుమారుని వేరే పనికి పంపుతాడు. పేరు దొంగిలిస్తే పోయేది పేరొక్కటే కాదు, పరంపర.

చట్టం కొంత రక్షణ కల్పించింది. 1999 నాటి భౌగోళిక గుర్తుల చట్టం 2003 సెప్టెంబరు నుండి అమలులో ఉన్నది. దాని కింద మచిలీపట్నం కలంకారీ నమోదైంది. కాని ముద్ర ఉన్న చోట ముద్రను చదువగల కన్ను కూడా ఉండాలి. ఆ కన్ను విద్యావంతులది కావలె. మన కళాశాల విద్యార్థి ఒక్కొక్కరు తమ ఇంట పెండ్లికి, పండుగకు గుడ్డ కొనేటప్పుడు వెనుకకు తిప్పి చూచి, ‘ఇది అచ్చుపనియా, స్క్రీనా?’ అని అడిగితే చాలు. ఆ ప్రశ్న పదిమంది అడిగిన అంగడిలో అబద్ధం చాలాకాలం నిలువదు. ఏటా కళాశాలలో అచ్చుపని గుడ్డను, స్క్రీను గుడ్డను పక్కపక్కన ఉంచి చూపే చిన్న ప్రదర్శన ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. కమిటీ పెద్దలు ఈ విషయం ఆలోచింపవలెనని నా మనవి.

విద్యార్థులకు ఒక మాట

నకలు అనగానే మీకు పరీక్ష గది గుర్తుకు వస్తుందని నాకు తెలుసు. పక్కవాని కాగితం చూచి వ్రాసిన జవాబు కింద మీ నంబరు వేస్తే అది నకిలీ. నన్నయను, గాలిబును ఇంట కూర్చుండి పదిసార్లు చూచి వ్రాసి, వారి నడక చేతికి పట్టించుకొంటే అది మష్ఖ్. మొదటిదానికి శ్రమ లేదు, రెండవదానికి సిగ్గుపడనక్కర లేదు.

మంచి పనిని కనుగొనండి. దానిని విప్పి చూడండి. యమహావలె కన్నుతోపాటు చెవిని శిక్షించుకొండి. గురువుగారి పేరు దాచకండి, మీ పేరు తొందరపడి పెట్టకండి. ఇజాజత్ వచ్చిననాడు మీ చేతి పనికింద మీ పేరు నిర్భయంగా వ్రాసికొండి.